డేటా సఫిషియన్సీ లెక్కలు: ఐసెట్ రాసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్ నోటిఫికేషన్ వచ్చిన వారం నుంచీ నా వాట్సాప్‌కి ఏటా ఒకే రకం ఫొటోలు వస్తాయి. నోట్‌బుక్ పేజీ, అందులో నీట్‌గా చేసిన లెక్క, చివర రౌండు చుట్టిన 23, దాని కింద "సార్, 23 వచ్చింది, ఆప్షన్లలో 23 లేదేంటి?" అని మెసేజ్. ఆప్షన్లలో ఉండదమ్మా, అది డేటా సఫిషియన్సీ లెక్క. ఇదే మాట ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పి పుట్టి, వచ్చే సందేహాలన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సింది మాత్రమే చదువుకోండి, వరసగా చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఇందులో ఏం అడుగుతున్నారు? ఆన్సర్ కనుక్కోవాలా వద్దా?

వద్దు. ఒక ప్రశ్న ఇస్తారు, దాని కింద రెండు స్టేట్‌మెంట్లు ఇస్తారు. ఆ సమాచారంతో లెక్క తెగుతుందా తెగదా అన్నది చెప్తే చాలు. ఉదాహరణకి "రమ వయసు ఎంత?" అని ప్రశ్న. స్టేట్‌మెంట్ 1: రమ, గీత వయసుల మొత్తం 40. స్టేట్‌మెంట్ 2: రమ గీత కంటే 6 ఏళ్ళు పెద్ద. మొదటిదొక్కటే ఉంటే రమకి 10 ఉండొచ్చు, 35 ఉండొచ్చు. రెండోదొక్కటే ఉన్నా అంతే. రెండూ కలిపితే ఒక్క వయసే కుదురుతుంది, అది 23 అని మీరు కనుక్కోనక్కర్లేదు, కనుక్కున్నందుకు అర మార్కు కూడా ఎక్కువ రాదు. "ఒక్కటే విలువ వస్తుంది" అని నమ్మకం కుదిరిన క్షణంలో పెన్ను కింద పెట్టెయ్యాలి. పదో తరగతి నుంచీ ఆన్సర్ వచ్చేదాకా వదలొద్దని నేర్పిన మాస్టార్ల పుణ్యమా అని మనకి ఆ పెన్ను కింద పెట్టడమే రాదు.

ఐసెట్‌లో వీటికి ఎన్ని మార్కులు? పూర్తిగా వదిలేస్తే ఏమవుతుంది?

మొత్తం పేపరు 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అనలిటికల్ ఎబిలిటీ సెక్షన్‌లో 75 ప్రశ్నలుంటే వాటిలో 20 ఇవే. అంటే పేపర్లో పదో వంతు. వదిలేసినా క్వాలిఫై కావచ్చు, ఎందుకంటే క్వాలిఫై కావడానికి 200కి 50 వస్తే చాలు, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకి ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. కానీ మీకు కావాల్సింది క్వాలిఫై కావడం కాదు, ర్యాంకు. పైగా ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేది అనలిటికల్ సెక్షన్ మార్కులే. ఇంకో సంగతి, మిగతా లెక్కల్లో కూడికల్లో, గుణకారాల్లో పోయే టైమ్ ఇందులో పోదు. అలవాటైనవాళ్ళకి పేపర్ మొత్తంలో చవగ్గా వచ్చే మార్కులు ఇవే అంటాను నేను.

నాలుగు ఆప్షన్లూ ప్రతిసారీ చదవాలా, బట్టీ పట్టేస్తే సరిపోతుందా?

బట్టీ పట్టండి, అయితే మీరు రాసే పరీక్షవి పట్టండి. ఐసెట్‌లో ఆప్షన్ 1 అంటే మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలు. 2 అంటే రెండోదొక్కటే చాలు. 3 అంటే విడివిడిగా చాలవు గానీ రెండూ కలిపితే చాలు. 4 అంటే రెండూ కలిపినా చాలవు, ఇంకా సమాచారం కావాలి.

నా కథ చెప్తాను. నేను బ్యాంకు పరీక్షలకి ఏడాదిన్నర చదివి, అవి రాక, చివర్లో ఐసెట్‌కి కూర్చున్నాను. బ్యాంకు పేపర్లలో మామూలుగా ఐదు ఆప్షన్లు ఇస్తారు, మూడోది "రెండింటిలో ఏ ఒక్కటైనా చాలు", నాలుగోది "రెండూ కలిపినా చాలవు", ఐదోది "రెండూ కలిపితేనే". నా చెయ్యి ఆ వరసకి అలవాటుపడిపోయింది. ఐసెట్ మొదటి మాక్ టెస్ట్‌లో "రెండూ కలపాలి" అనుకున్నప్పుడల్లా చెయ్యి ఐదో ఆప్షన్ కోసం వెతకడం, అది లేకపోవడంతో కంగారులో చివరిదైన నాలుగు పెట్టెయ్యడం. ఇరవైలో ఎనిమిది అలా పోయాయి, అన్నీ తెలిసిన లెక్కలే! అప్పట్నుంచీ పరీక్ష మొదలవగానే రఫ్ పేపరు మూల మీద "1ది, 2ది, కలిపి, లేదు" అని నాలుగు ముక్కలు రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. మా పిల్లలతో కూడా రాయిస్తాను.

నేను బీకాం. ఇంటర్‌లో మ్యాథ్స్ కూడా లేదు. నాకు వస్తాయా?

వస్తాయి. కావాల్సిందంతా పదో తరగతి లోపుదే. శాతాలు, లాభనష్టాలు, నిష్పత్తులు, కాలం–దూరం, సరి బేసి సంఖ్యలు, త్రిభుజాలు, వృత్తాలు, చిన్న సమీకరణాలు. నిజానికి ఇంజినీరింగ్ చదివినవాళ్ళే ఇందులో ఎక్కువ జారతారు, లెక్క కనిపిస్తే చాలు ఆపుకోలేక చేసేస్తారు మరి.

## లెక్క ముందు కూర్చున్నాక

స్టేట్‌మెంట్ 2 చదువుతుంటే 1లో చదివింది బుర్రలోంచి పోవట్లేదు. ఏం చెయ్యాలి?

అందరికీ ఉన్న జబ్బే. "క్లాసులో అబ్బాయిలు ఎంతమంది?" అని ప్రశ్న అనుకోండి. స్టేట్‌మెంట్ 1: క్లాసులో మొత్తం 60 మంది. స్టేట్‌మెంట్ 2: అబ్బాయిలు, అమ్మాయిల నిష్పత్తి 2:3. రెండోది చదవగానే "ఆఁ, 24, ఇదొక్కటే చాలు" అని ఆప్షన్ 2 పెట్టేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో పది మందైనా ఉంటారు. ఆ 60 ఎక్కడిది? మొదటి స్టేట్‌మెంట్‌ది. రెండోదాన్ని ఒంటరిగా చూస్తున్నప్పుడు అది మీకు తెలియకూడదు. నిష్పత్తి ఒక్కటే ఉంటే అబ్బాయిలు ఇద్దరు కావచ్చు, రెండు వందలు కావచ్చు. రెండూ కలిస్తేనే 24, అంటే ఆప్షన్ 3.

పుస్తకంలో చేసేటప్పుడు మొదటి స్టేట్‌మెంట్ మీద అరచెయ్యి పెట్టి కప్పేసి రెండోది చదవండి, చూడ్డానికి చిన్నపిల్లల చేష్టలా ఉంటుంది గానీ పని చేస్తుంది. కంప్యూటర్ మీద పరీక్ష కాబట్టి అక్కడ చెయ్యి అడ్డం పెట్టి కూర్చోలేరు, అందుకే నేనైతే రెండో స్టేట్‌మెంట్‌నే ముందు చదవమని కూడా చెప్తుంటాను, ముఖ్యంగా మొదటిది పొడుగ్గా చిరాగ్గా ఉంటే.

రెండు తెలియని విలువలు, రెండు సమీకరణాలు ఉంటే కళ్ళు మూసుకుని 3 పెట్టెయ్యొచ్చా?

కళ్ళు తెరిచి పెట్టండి. "పెన్ను ధర ఎంత?" అని ప్రశ్న. స్టేట్‌మెంట్ 1: 3 పెన్నులు, 2 పెన్సిళ్ళు కలిపి 50 రూపాయలు. స్టేట్‌మెంట్ 2: 6 పెన్నులు, 4 పెన్సిళ్ళు కలిపి 100 రూపాయలు. చూడ్డానికి రెండు సమీకరణాలు, నిజానికి ఒకటే, రెట్టింపు చేసి మళ్ళీ ఇచ్చాడు. రెండూ కలిపినా చాలవు, ఆప్షన్ 4. రెండో స్టేట్‌మెంట్ మొదటిదానికి వేషం మార్చిన రూపమేమో ఒకసారి చూసుకోవాలి. ఒకదాన్ని ఏదో ఒక సంఖ్యతో గుణిస్తే రెండోది మొత్తంగా వచ్చేస్తే అది కొత్త సమాచారం కాదు.

ఒక్క సమీకరణంతో రెండు తెలియనివి ఎప్పటికీ రావు, అంతేగా?

నన్నడిగితే ఈ మొత్తంలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, అందుకని కాస్త నిదానంగా చూద్దాం. "రవి 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు ఎన్ని కొన్నాడు?" అని ప్రశ్న. స్టేట్‌మెంట్ 1: 5 రూపాయల ప్యాకెట్లు కొన్ని, 7 రూపాయల ప్యాకెట్లు కొన్ని కొని మొత్తం 41 రూపాయలు ఇచ్చాడు. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి, చాలదనే అనిపిస్తుంది. కానీ ప్యాకెట్లు పూర్ణ సంఖ్యల్లోనే ఉండాలి, ముప్పావు ప్యాకెట్ ఎవరూ అమ్మరు. 41లోంచి 7, 14, 21, 28, 35 తీసేస్తూ వెళ్ళండి. 34, 27, 20, 13, 6 మిగులుతాయి. వీటిలో 5తో నిశ్శేషంగా పోయేది 20 ఒక్కటే. అంటే 7 రూపాయలవి మూడు, 5 రూపాయలవి నాలుగు, ఇంకో దారి లేదు. ఒక్క స్టేట్‌మెంటే చాలు!

అదే మొత్తం 47 అయితే? 7 రూపాయలది ఒకటి తీసేస్తే 40 మిగులుతుంది, 5 రూపాయలవి ఎనిమిది. 7 రూపాయలవి ఆరు తీసేస్తే 5 మిగులుతుంది, 5 రూపాయలది ఒకటి. రెండు ఆన్సర్లు, కాబట్టి చాలదు. 41కి, 47కి తేడా చూడగానే చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, వేసి చూసుకోవాల్సిందే. మనుషులు, పెన్నులు, టికెట్లు, నాణేలు లాంటి ముక్కలు చెయ్యలేని వస్తువులు లెక్కలో కనిపిస్తే ఆగి, వేసి చూడండి.

ఇంకో రకం కూడా ఉంది. "ఒక సమోసా, ఒక చాయ్ కలిపి ఎంత?" అని అడిగి, "4 సమోసాలు, 4 చాయ్‌లు కలిపి 100 రూపాయలు" అని ఇస్తాడు. సమోసా ఎంతో, చాయ్ ఎంతో విడిగా ఎప్పటికీ తెలియదు. కానీ అడిగింది అది కాదుగా. 100ని 4తో భాగిస్తే అయిపోయింది.

"అవునా కాదా" రకం ప్రశ్నలో ఆన్సర్ "కాదు" అని వస్తే డేటా చాలనట్టేనా?

చాలినట్టే. "కాదు" కూడా తెగిన ఆన్సరే. ఎన్ అనేది పూర్ణ సంఖ్య, అది సరి సంఖ్యా? స్టేట్‌మెంట్ 1: ఎన్‌కి 3 కలిపితే సరి సంఖ్య వస్తుంది. స్టేట్‌మెంట్ 2: ఎన్ 3తో నిశ్శేషంగా భాగించబడుతుంది. మొదటిదాని ప్రకారం ఎన్ తప్పకుండా బేసి సంఖ్య. "సరి సంఖ్యా?" అంటే "కాదు" అని గట్టిగా చెప్పగలుగుతున్నాం, కాబట్టి అది చాలు. రెండోదాని ప్రకారం 3 కావచ్చు, 6 కావచ్చు, ఒకసారి కాదు, ఒకసారి అవును. అది చాలదు. ఆన్సర్ ఆప్షన్ 1. చాలనిది ఎప్పుడంటే "ఏమో, ఒక్కోసారి అవును, ఒక్కోసారి కాదు" అని వచ్చినప్పుడు మాత్రమే.

రెండూ కలిపితే ఎలాగూ వస్తోంది కదా, 3 పెడితే తప్పేంటి?

ఆప్షన్ 3లో "విడివిడిగా చాలవు" అనే ముక్క కూడా ఉంది, అందరూ మర్చిపోయేది దాన్నే. ఒక వ్యాపారి లాభ శాతం ఎంత? స్టేట్‌మెంట్ 1: అమ్మిన ధర కొన్న ధరకి ఐదు బై నాలుగు రెట్లు. స్టేట్‌మెంట్ 2: కొన్న ధర 800 రూపాయలు. 800 చూడగానే ప్రాణం లేచొస్తుంది, రూపాయల్లో లెక్క చేసి 1000కి అమ్మాడు, 200 లాభం, 25 శాతం అని తేల్చి 3 పెట్టేస్తారు. అసలు 800తో పనేముంది? కొన్న ధర 4 అయితే అమ్మింది 5, లాభం 25 శాతం. 80 అయినా 8 లక్షలైనా అదే శాతం. ఆప్షన్ 1. అడిగింది శాతమో నిష్పత్తో అయితే రూపాయల్లో, కిలోల్లో ఇచ్చిన అంకెని అనుమానంగా చూడండి. చాలాసార్లు అది ఎర.

సార్, వర్గం 49 అంటే ఎక్స్ 7 కదా?

మైనస్ 7 ఎక్కడికి పోయింది? "ఎక్స్ విలువ ఎంత?" అన్నప్పుడు వర్గం 49 అని మాత్రమే ఇస్తే రెండు విలువలు, చాలదు. పక్కన "ఎక్స్ ధన సంఖ్య" అని ఉంటే రెండూ కలిపి చాలు. అదే ఘనం 343 అని ఇస్తే 7 ఒక్కటే, ఇంకేమీ అక్కర్లేదు. కానీ ఎక్స్ అంటే మనిషి వయసో, గది పొడవో అయితే మైనస్ అడిగినా రాదు, అక్కడ వర్గం ఒక్కటే సరిపోతుంది.

అంకెలు వేసి చూడమంటారు. ఏ అంకెలు వెయ్యాలి?

మనకి చెయ్యి తిరిగినవి 2, 3, 5. అవే వేసి "అవును" వచ్చిందని ఊరుకుంటాం. మీ పని స్టేట్‌మెంట్‌ని నిజమని చూపించడం కాదు, దాన్ని పడగొట్టడం. సున్నా, ఒకటి, మైనస్ ఒకటి, సగం, వీటిని వదలొద్దు. ఎక్స్ వర్గం ఎక్స్ కంటే పెద్దదా? "ఎక్స్ ధన సంఖ్య" అని ఇచ్చారు. 2 వేస్తే 4, అవును. సగం వేస్తే పావు, కాదు. పడిపోయింది.

ఇంకొంచెం గట్టిది. ఎక్స్, వై కంటే పెద్దదా? స్టేట్‌మెంట్ 1: ఎక్స్ వర్గం వై వర్గం కంటే పెద్దది. స్టేట్‌మెంట్ 2: ఎక్స్ ధన సంఖ్య. మొదటిదానికి 3, 2 వేస్తే అవును, మైనస్ 3, 2 వేస్తే కాదు. రెండోదానికి వై గురించి ఏమీ తెలియదు. కలిపి చూస్తే ఎక్స్ ధన సంఖ్య, పైగా పరిమాణంలో వై కంటే పెద్దది. వై ధన సంఖ్య అయినా దీనికంటే చిన్నదే, రుణ సంఖ్య అయితే చెప్పేదే లేదు. ఆప్షన్ 3. అంకెలు వేసి "చాలదు" అని నిరూపించొచ్చు, కానీ నాలుగు అంకెలకి పని చేసింది కదా అని "చాలు" అనడానికి లేదు, దానికి ఇలా కారణం కనిపించాలి.

బొమ్మ చూస్తే లంబకోణంలాగే ఉంది, అలాగే అనుకోవచ్చా?

వద్దు. బొమ్మ కొలతలకి గీసిందని నమ్మొద్దు, రాసి ఇచ్చినదే నమ్మండి. రేఖాగణితంలో నాకు ఇష్టమైన లెక్క ఒకటుంది. సమద్విబాహు త్రిభుజం చుట్టుకొలత ఎంత? రెండు భుజాలు 4, 9 అని ఇచ్చారు. మూడోది 4 అయినా కావచ్చు, 9 అయినా కావచ్చు కాబట్టి చాలదు అంటారు. 4, 4, 9తో త్రిభుజం గీసి చూపించండి! 4, 4 కలిపితే 8, 9ని అందుకోలేవు. కాబట్టి మూడోది 9 ఒక్కటే, చుట్టుకొలత 22, చాలు. అదే 5, 7 ఇస్తే మాత్రం 17 రావచ్చు, 19 రావచ్చు, చాలదు.

చాయ్ తాగేవాళ్ళు, కాఫీ తాగేవాళ్ళు లెక్కల్లో ప్రతిసారీ తప్పు పోతోంది. ఎందుకు?

ఏదీ తాగనివాళ్ళని మర్చిపోతున్నారు, అంతే. 100 మందిలో రెండూ తాగేవాళ్ళు ఎంతమంది? స్టేట్‌మెంట్ 1: చాయ్ తాగేవాళ్ళు 70. స్టేట్‌మెంట్ 2: కాఫీ తాగేవాళ్ళు 50. 70కి 50 కలిపి 100 తీసేసి 20 అంటాం. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి తాగుతారని ఎవరు చెప్పారు? కాఫీ తాగే 50 మందీ చాయ్ కూడా తాగేవాళ్ళే అయితే ఏదీ తాగనివాళ్ళు 30, రెండూ తాగేవాళ్ళు 50. అంటే 20 నుంచి 50 దాకా ఏదైనా కావచ్చు, ఆప్షన్ 4. "ప్రతి ఒక్కరూ కనీసం ఒకటి తాగుతారు" అనే వాక్యం ఉందా లేదా అన్నదే ఈ లెక్కలన్నిటికీ తాళంచెవి.

ఆన్సర్ కనుక్కోకుండా "చాలు" అని నమ్మకంగా ఎలా చెప్తాం? రైలు లెక్కల్లో అస్సలు కుదరట్లేదు

ఏం తెలిస్తే ఆన్సర్ వస్తుందో ముందు అనుకోండి, తర్వాత స్టేట్‌మెంట్లలో దానికోసం వెతకండి. రైలు పొడవు ఎంత? వేగం, స్తంభం దాటిన సమయం తెలిస్తే పొడవు వస్తుంది. స్టేట్‌మెంట్ 1: స్తంభాన్ని 12 సెకన్లలో దాటింది. సమయం వచ్చింది, వేగం రాలేదు. స్టేట్‌మెంట్ 2: అదే వేగంతో 200 మీటర్ల ప్లాట్‌ఫాంని 20 సెకన్లలో దాటింది. ఒంటరిగా ఇదీ చాలదు. కలిపితే, స్తంభానికి పట్టిన 12 సెకన్లు పోను మిగిలిన 8 సెకన్లు ఆ 200 మీటర్ల కోసం పట్టినవే. వేగం తెలిసిపోయినట్టే, పెన్ను కింద పెట్టండి, ఆప్షన్ 3. 25 గుణించు 12 అని మొదలుపెట్టారా, దండగ.

రెండో స్టేట్‌మెంట్ "ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషిని 12 సెకన్లలో దాటింది" అని ఉంటే జాగ్రత్త. మనిషైనా స్తంభమైనా రైలుకి ఒకటే, కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

రెండింటిలో ఏ ఒక్కటైనా సరిపోతే ఐసెట్‌లో ఏం పెట్టాలి? దానికి ఆప్షనే లేదు కదా

నిజమే, ఐసెట్ నాలుగు ఆప్షన్లలో దానికి విడిగా చోటు లేదు. అందుకే మీకలా అనిపిస్తే ముందు మీ మీదే అనుమానపడి, రెండో స్టేట్‌మెంట్ చూసేటప్పుడు మొదటిదాన్ని వాడేశానా అని ఇంకోసారి చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అయి ఉంటుంది. నిజంగానే రెండూ విడిగా చాలితే, ఉదాహరణకి చతురస్రం వైశాల్యం అడిగి ఒకదాంట్లో చుట్టుకొలత, ఇంకోదాంట్లో కర్ణం ఇస్తే, నేనైతే 1 పెట్టి ముందుకెళ్తాను. ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలు తీసుకుంటారు, అప్పుడు రాయొచ్చు. హాల్లో దాంతో కుస్తీ పట్టొద్దు.

## ప్రాక్టీసు రోజుల్లో

రోజుకి ఎన్ని చెయ్యాలి?

పది చాలు. అయితే ప్రతిదానికీ పక్కన ఒక్క వాక్యం రాయాలి, ఎందుకు చాలు, లేదా ఎందుకు చాలదు అని. "చాలదు, సగం వేస్తే పడిపోతుంది" అన్నంత చాలు. వంద చేసి కీతో టిక్కులు పెట్టుకునేవాళ్ళకంటే పది చేసి పది వాక్యాలు రాసినవాళ్ళు రెండు వారాల్లో ముందుకెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

తప్పులు తగ్గట్లేదు. ఏం మార్చుకోవాలి?

తప్పుల్ని లెక్కపెట్టడం మానేసి రకాలుగా విడగొట్టండి. మామూలుగా నాలుగు కుప్పలవుతాయి: మొదటిదాన్ని రెండోదాంట్లో కలిపెయ్యడం, "కాదు" వస్తే చాలదనుకోవడం, రుణ సంఖ్యలూ భిన్నాలూ మర్చిపోవడం, తొందరపడి 3 పెట్టెయ్యడం. వారం రోజుల తప్పులు ఇలా పోసి చూస్తే ఒక కుప్ప మిగతావాటికంటే ఎత్తుగా కనిపిస్తుంది. ఫార్ములాలు రాక పోయిన తప్పులు చాలా తక్కువ ఉంటాయి, మీరే చూస్తారు.

నేను తెలుగు మీడియం. తెలుగులో ప్రశ్న చదివితే ఇంకా గందరగోళంగా ఉంటోంది

అవును, "దత్తాంశం", "పర్యాప్తం" లాంటి మాటలు ఇంట్లో ఎవరూ వాడరు. దత్తాంశం అంటే ఇచ్చిన సమాచారం, పర్యాప్తం అంటే సరిపోయింది, అంతకంటే ఏమీ లేదు. ఈ సెక్షన్ ప్రశ్నలు ఇంగ్లీషులో, తెలుగులో పక్కపక్కనే ఇస్తారు కాబట్టి అనుమానం వస్తే రెండూ చూడండి. ముఖ్యంగా సహజ సంఖ్య, పూర్ణ సంఖ్య, వాస్తవ సంఖ్య, ఈ మూడింటి తేడా నోటికి రావాలి. సహజ సంఖ్య అంటే మైనస్‌లు, భిన్నాలు ఉండవు. పూర్ణ సంఖ్య అంటే మైనస్‌లు, సున్నా వచ్చి చేరతాయి. వాస్తవ సంఖ్య అంటే భిన్నాలు కూడా. ఒక్క మాట మారితే ఆప్షనే మారిపోతుంది.

అమెరికాలో ఎంబీఏకి వెళ్ళడానికి జీమ్యాట్ రాయాలనుకుంటున్నాను. ఇదే ప్రిపరేషన్ సరిపోతుందా?

ఆలోచించే పద్ధతి ఒకటే, మిగతావి వేరు. జీమ్యాట్‌లో ఐదు ఆప్షన్లు: ఎ మొదటిదొక్కటే, బి రెండోదొక్కటే, సి కలిపితేనే, డి ఏదైనా ఒక్కటే చాలు, ఇ కలిపినా చాలవు. 2023 నవంబరులో పరీక్షని మార్చినప్పుడు ఈ ప్రశ్నల్ని క్వాంట్ (లెక్కల సెక్షన్) నుంచి తీసి డేటా ఇన్‌సైట్స్ అనే సెక్షన్‌లో పెట్టారు. అక్కడ 45 నిమిషాల్లో 20 ప్రశ్నలు, వాటిలో ఇవి ఒక రకం మాత్రమే. స్క్రీన్ మీద క్యాలిక్యులేటర్ ఇస్తారు గానీ ఈ రకానికి దాంతో పెద్దగా పనుండదు. లెక్కలు లేకుండా మాటలతోనే నడిచే డేటా సఫిషియన్సీ కూడా వస్తుంది. పాత పుస్తకాలు కొంటే చూసుకుని కొనండి, సీనియర్ల దగ్గర సగం ధరకి వచ్చేవి చాలావరకు పాత పద్ధతివే.

## పరీక్ష హాల్లో

ఒక్కోదానికి ఎంత టైమ్ ఇవ్వాలి?

200 ప్రశ్నలకి 150 నిమిషాలంటే సగటున 45 సెకన్లు. సులువైనవి 20 సెకన్లలో పోతాయి, అక్కడ మిగిలింది కష్టమైనవాటికి వాడుకోండి. నిమిషంన్నర దాటినా అదే లెక్క మీద ఉన్నారంటే మీరు చాలుతుందా అని చూడట్లేదు, లెక్క చేస్తున్నారు. గుర్తుపెట్టుకుని వదిలేసి తర్వాతదానికి వెళ్ళండి.

సగం తెలుసు, సగం తెలియదు. గెస్ చెయ్యొచ్చా?

ఐసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. తెలిసిన ఆ సగంతోనే బోలెడు పని జరుగుతుంది. మొదటి స్టేట్‌మెంట్ విడిగా చాలదని తెలిస్తే 1 పోయింది. రెండోది కూడా విడిగా చాలదని తెలిస్తే 2 పోయింది, మిగిలింది 3 లేదా 4, సగానికి సగం అవకాశం. కాబట్టి ఎక్కువ సులువుగా కనిపించే స్టేట్‌మెంట్‌నే ముందు తేల్చండి, అది ఏ నంబరైనా సరే. బ్యాంకు పరీక్షల్లో మాత్రం తప్పుకి పావు మార్కు కోస్తారు, అక్కడ రెండు ఆప్షన్ల దాకా వచ్చాకే తెగించండి.

మొదటి స్టేట్‌మెంట్‌తో 5 వచ్చింది, రెండోదాంతో 7 వచ్చింది. పేపర్ తప్పా?

సరిగ్గా తయారుచేసిన లెక్కలో రెండు స్టేట్‌మెంట్లూ ఒకే నిజం గురించి చెప్తాయి, ఒకదాన్నొకటి కొట్టుకోవు. జీమ్యాట్‌లోనైతే ఇది మాట తప్పని నియమం. కాబట్టి రెండు వేరే ఆన్సర్లొస్తే ఎక్కడో కూడికలో తప్పు జరిగింది, లేదా ఒకదాంట్లో ఇంకో విలువ కూడా ఉంది, మీకు కనపడలేదు. అంటే మొదటిదాంట్లో 5తోపాటు 7 కూడా కుదురుతుందేమో వేసి చూడండి. కుదిరితే మొదటిది విడిగా చాలదన్నమాట, ఆప్షన్ 2 పెట్టి కదలండి.